చిప్ కొరతలో బోర్డు ఆగకుండా ఉండాలంటే: చిన్న తయారీదారులకు

విజయవాడ ఆటోనగర్‌లో బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ను ఊహించండి. బోర్డు మీద అరవై విడిభాగాలు ఉండి, వాటిలో యాభై తొమ్మిది అలమరలో సిద్ధంగా ఉన్నా, బోర్డును నడిపే చిప్ అయిన మైక్రోకంట్రోలర్ ఒక్కటి రాకపోతే బోర్డు గడప దాటదు. మిగిలిన వాటి మీద పెట్టిన డబ్బు కూడా అక్కడే ఇరుక్కుపోతుంది. 2021లో జరిగింది ఇదే. కోవిడ్ తొలినాళ్లలో ఆర్డర్లు తగ్గించుకున్న కార్ల కంపెనీలు తిరిగి ఒక్కసారిగా ఎగబడిన సమయానికి, ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుఫాను, మార్చిలో జపాన్‌లోని రెనెసాస్ కర్మాగారంలో అగ్నిప్రమాదం తోడవడంతో, ఎస్‌టీఎమ్32 వంటి మామూలు మైక్రోకంట్రోలర్‌లకు సైతం ఏడాది దాటిన గడువులు చెప్పారు. రెండు మూడు వందల చిప్‌లు అడిగే మనలాంటి వారికి అటువంటప్పుడు వరుసలో చివరి చోటే దక్కుతుంది.

కాబట్టి ముందుగా మీ బీఓఎమ్ (బోర్డులోని విడిభాగాల జాబితా) తెరిచి, ప్రతి విడిభాగం ఎదుట దాని బదులు ఏది సరిపోతుందో రాయండి. రెసిస్టర్లు, ఎల్‌ఎమ్358, యూఎల్‌ఎన్2003 వంటి సాధారణ చిప్‌లు ఎన్నో కంపెనీలు చేస్తున్నందున వాటితో పెద్ద చింత లేదు. బదులు దొరకని గడులు మూడో నాలుగో మిగులుతాయి. అవి సాధారణంగా మైక్రోకంట్రోలర్, మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపే జీఎస్‌ఎమ్ మాడ్యూల్ వంటివే. నిల్వ పెట్టవలసింది వాటిని మాత్రమే. భయంతో అన్నీ కొనేస్తే, కొరత కంటే ముందు వడ్డీయే యూనిట్‌ను మూయిస్తుంది.

ఎంత నిల్వ పెట్టాలన్నది లెక్క తేలే విషయమే. నెలకు 150 బోర్డులు అమ్ముతూ, చిప్ రావడానికి 16 వారాలు పడుతుంటే, సుమారు 600 చిప్‌లు ఎప్పుడూ చేతిలోనో దారిలోనో ఉండాలి. ఆగస్టు, సెప్టెంబరు మిర్చి నాట్ల కోసం గుంటూరు డీలరు జూలైలో సరుకు అడుగుతాడనుకుంటే, మీ చిప్ ఆర్డరు ఫిబ్రవరి చివరికే వెళ్లిపోవాలి.

నిల్వకంటే నమ్మదగినది డిజైన్‌లోనే బదులు చిప్‌కు చోటివ్వడం. ఎస్‌టీఎమ్32ఎఫ్103 స్థానంలో అవే పిన్‌లున్న, మరో కంపెనీ చేసే జీడీ32ఎఫ్103 కూర్చుంటుంది. అయితే కూర్చోవడం వేరు, పనిచేయడం వేరు: ఫ్లాష్ (ప్రోగ్రాము దాచే మెమరీ) నుంచి కోడ్ చదివే తీరు వేరైనందున, అదే క్లాక్‌కు కూడా అది వేగంగా నడిచి, లూపులు తిప్పి సమయం లెక్కించిన డిలేలు (ఆగే విరామాలు) ముందే ముగిసిపోతాయి. డిలేలన్నిటినీ టైమర్ మీదికి మార్చి, పిన్‌లనూ రిజిస్టర్లనూ తాకే కోడ్‌ను ఒకే ఫైలులో వేరుగా ఉంచండి. ఈ పని కొరత లేని రోజుల్లోనే పూర్తికావాలి. డీలరు ఫోన్ల మధ్య కూర్చుని ఫర్మ్‌వేర్ (చిప్‌లోని ప్రోగ్రాము) మార్చడం ఎవరికీ చేతకాదు.

అంగడిలో తక్కువ ధరకు దొరికిన చిప్‌ను చూసి సంతోషించే ముందు అయిదింటిని పరీక్షించండి. పైరాత అసిటోన్‌కు చెరుగుతోందా, ఒకే రీలులో (చిప్‌లు చుట్టివచ్చే చక్రంలో) వేర్వేరు తయారీ తేదీ కోడ్‌లు కలిసిపోయాయా అన్నవి చూడండి. ఎస్‌టీ-లింక్ అనే ప్రోగ్రామింగ్ పరికరంతో చదివినప్పుడు అసలు ఎస్‌టీఎమ్32ఎఫ్103 ఐడీ కోడ్ 1తో మొదలైతే, క్లోన్‌లు (నకళ్లు) చాలావాటిలో అది 2తో మొదలవుతుంది.

దాచడంలో మన ఊరి వాతావరణం శత్రువు. ప్యాకెట్ మీద తేమ స్థాయి 3 అని ముద్రించిన చిప్‌ను, సీలు విప్పాక, 30 డిగ్రీలూ 60 శాతం తేమా మించని గదిలో 168 గంటల్లోపు రీఫ్లో చేయాలి, అంటే వేడితో బోర్డుకు అతికించాలి. ఏసీ లేని ఆటోనగర్ షెడ్డు ఎండాకాలం మొదటిదాన్నీ వానాకాలం రెండోదాన్నీ దాటిపోతుంది. విప్పిన రీలును సిలికా జెల్‌తో, తేమ సూచిక కార్డుతో తిరిగి మూయండి. గడువు దాటినవాటిని బేక్ చేయవలసి (వేడిచేసి తేమ ఆరబెట్టవలసి) వస్తే, 125 డిగ్రీలను రీలు ప్లాస్టిక్ తట్టుకోదు కనుక, ముందుగా వేడిని తట్టుకునే ట్రేలోకి మార్చండి.

చివరగా కొటేషన్. ధర 15 రోజులే చెల్లుతుందని రాసి, కనీసం చిప్‌లకు అయ్యే మొత్తాన్నైనా ముందుగా తీసుకోండి. రద్దుకూ వాపసుకూ వీల్లేదన్న షరతు మీద మీరు పంపిణీదారు దగ్గర కొంటున్నప్పుడు, అదే షరతును మీ డీలరుకూ కాగితం మీద పెట్టండి.