మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీకి అమెరికా వెళ్లేవారికి: రెండు క్యాలెండర్లను ఒకే చార్టు మీద రాసుకోవడం ఎలా

అమెరికాలో మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీకి సాధారణంగా ఐదారేళ్లు పడుతుంది. మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థికి ఆ ఐదారేళ్లూ రెండు రకాల గడువులు కలిసి నడుస్తాయి. ఒకటి డిపార్ట్‌మెంటు పెట్టే పరిశోధన గడువులు, రెండోది ఎఫ్-1 అనే విద్యార్థి వీసా గడువులు. మొదటివాటిని గైడు గుర్తుచేస్తారు, రెండోవాటిని మాత్రం మనమే గుర్తుపెట్టుకోవాలి. నేను గది తలుపు వెనక ఒక చార్టు అంటించి, పరిశోధన తేదీలను నల్ల సిరాతోనూ వీసా తేదీలను ఎర్ర సిరాతోనూ రాసుకున్నాను. రెండు రంగులూ ఒకే నెలలో ఎదురుపడిన ప్రతిచోటా, దానికి ఆరు నెలల ముందు ఒక గుర్తు పెట్టుకున్నాను. నన్ను కాపాడినవి ఆ గుర్తులే.

చార్టును దరఖాస్తు దశలోనే మొదలుపెట్టాలి. ఈ రంగంలో చాలాచోట్ల సీటు వచ్చేది విశ్వవిద్యాలయంలో కాదు, ఒక ప్రొఫెసరు ల్యాబులో. గడువులు ఎక్కువగా డిసెంబరులో ఉంటాయి కనుక, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ఆయా ప్రొఫెసర్లకు క్లుప్తంగా రాసి, వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారో లేదో కనుక్కోవాలి. సీటు వచ్చాక, ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: వీసాకోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో మన కోర్సుకు ఏ సిప్ కోడ్ (చదివే రంగాన్ని సూచించే సంఖ్య) వేస్తారు? కాగ్నిటివ్, డెవలప్‌మెంటల్, సోషల్ సైకాలజీ వంటి 42.27తో మొదలయ్యే కోడ్‌లు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్నాయి. అందువల్ల చదువు పూర్తయ్యాక అదే రంగంలో పనిచేయడానికి దొరికే 12 నెలల అనుమతికి, అంటే ఓపీటీకి, మరో 24 నెలలు కలిసే అవకాశం ఉంటుంది. క్లినికల్ సైకాలజీ కోడ్ ఆ జాబితాలో లేదు. ఒక్క అంకె తేడాతో రెండేళ్ల ఉద్యోగానుమతి దక్కవచ్చు, చేజారనూ వచ్చు.

డబ్బు విషయంలో ముందే తెలిసి ఉండాల్సింది ఇది. ఫీజు మినహాయింపు, స్టైపెండ్ కలిసి వచ్చే సీట్లు ఈ పీహెచ్‌డీలో చాలానే ఉన్నాయి. అయితే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్పుకు అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు వంటివారే అర్హులు. తోటివారంతా మొదట్లో దానికోసం రాస్తుంటే మనం వెనకబడ్డామని కుంగిపోనక్కర్లేదు. ఆ సమయాన్ని విశ్వవిద్యాలయం సొంత ఫెలోషిప్పులకూ, వృత్తి సంఘాల చిన్న గ్రాంట్లకూ కేటాయించడం మేలు. సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదన్న నియమాన్ని ఎర్ర సిరాతోనే రాసుకోవాలి.

మొదటి ఏడాదిలో మనుషులపై పరిశోధనకు సంబంధించిన నైతిక శిక్షణ పూర్తిచేసి, అలాంటి పరిశోధనలను పరిశీలించే విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా మండలి (ఐఆర్‌బీ) అనుమతికి దరఖాస్తు రాయడం నేర్చుకోవాలి. రెండో ఏడాదికల్లా చాలాచోట్ల మాస్టర్స్ థీసిస్, ఆ తరువాత సమగ్ర పరీక్ష, ప్రతిపాదన సమర్పణ, చివరికి థీసిస్‌ను కమిటీ ముందు సమర్థించుకునే డిఫెన్స్ వస్తాయి. ఏ అధ్యయనమైనా డేటా సేకరించక ముందే ప్రీరిజిస్టర్ చేసే, అంటే ఊహలనూ విశ్లేషణ పద్ధతినీ ముందే రాసి నమోదు చేసే, అలవాటును తొలి ప్రాజెక్టు నుంచే చేసుకోవాలి. ఈ శాస్త్రంలోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు ప్రచురించినప్పుడు, దాదాపు మూడో వంతు అధ్యయనాల్లో మాత్రమే గణాంకపరంగా చెప్పుకోదగిన ఫలితం తిరిగి వచ్చింది. అందుకే ఈ క్రమశిక్షణను లాంఛనంగా చూడకూడదు.

మన భాషలో డేటా సేకరించాలనుకునేవారు ఒక సెమిస్టరు అదనంగా ఉంచుకోవాలి. కుంగుబాటును కొలిచే ఒక పాత ప్రశ్నావళిలో, దిగులును నీలం రంగు పేరుతో చెప్పే వాక్యం ఒకటి ఉంది. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు నేను మొదట ‘విచారం’ అని రాశాను. మా అమ్మమ్మ వయసు మనిషికి చదివి వినిపిస్తే, “ఎవరైనా పోయారా నాయనా?” అని అడిగారు. ‘దిగులు’ అని మార్చాక ఆమె మారు ప్రశ్న లేకుండా జవాబు చెప్పారు. ఒకరు తెలుగులోకి అనువదించడం, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి తేవడం, రెండింటినీ పోల్చి తేడాలు సరిదిద్దడం, ఆ తరువాత నలుగురైదుగురి చేత చదివించి వాళ్లకు ఏమి అర్థమైందో అడగడం అనే ఈ నాలుగు మెట్లలో చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అదే అన్నిటికన్నా ముఖ్యమైనది. అమెరికా ఐఆర్‌బీ అనుమతి ఒక్కటే చాలదు, మన దేశంలో మనతో పనిచేసే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా తీసుకోవాలి. ప్రయాణానికి ముందు ఐ-20 మీద, తిరిగి అమెరికాలోకి రావడానికి కావలసిన ప్రయాణ సంతకం చెల్లుతోందో లేదో, పాస్‌పోర్టులో వీసా గడువు ఉందో లేదో చూసుకోవాలి. వీసా మళ్లీ వేయించుకోవాల్సి ఉంటే ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేం కాబట్టి, తిరిగి వెళ్లిన వారంలోనే క్లాసు చెప్పాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు.

క్లినికల్ విద్యార్థులకు నలుపు, ఎరుపు గట్టిగా ఢీకొనేది ఇంటర్న్‌షిప్ ఏడాదిలోనే. అది దాదాపు ఏడాదిపాటు పూర్తికాలం చేయాల్సిన పని, దాన్ని సాధారణంగా సీపీటీ (చదువు పూర్తికాకముందే, కోర్సులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద చేస్తారు. పూర్తికాల సీపీటీ 12 నెలలకు చేరితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ అర్హత పోతుంది. కాబట్టి ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కూర్చుని, ప్రారంభ, ముగింపు తేదీలను రోజులతో సహా లెక్కవేయించుకోవాలి. భారత్‌కు తిరిగి వచ్చి క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలనుకునేవారు, 1992 నాటి చట్టం ప్రకారం భారతీయ పునరావాస మండలి రిజిస్టరులో నమోదు కావడానికి తమ శిక్షణ సరిపోతుందో లేదో కూడా అప్పుడే విచారించుకోవాలి.

ఈ శాస్త్రం చదివేవాళ్లే తమ మనసు బాగోలేనప్పుడు ఎవరి దగ్గరకూ వెళ్లకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. డిపార్ట్‌మెంటు క్లినిక్‌లో కౌన్సెలింగ్ ఇచ్చేవారు మన సహాధ్యాయులే కావచ్చు, ఆ మొహమాటం నిజమైనదే. అలాంటప్పుడు విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రంలో గానీ, బీమా పరిధిలోని బయటి థెరపిస్టు దగ్గర గానీ మొదటి సెమిస్టరులోనే ఒకసారి పేరు నమోదు చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నట్టుండి ఒంట్లో బాగోలేకపోతే టికెట్టుకు సరిపడే డబ్బును విడి ఖాతాలో ఉంచండి.

ఓపీటీకి కోర్సు ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తేదీ తరువాత 60 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఓపీటీ మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అందువల్ల డిఫెన్స్ తేదీని గైడుతో మాట్లాడి ఖరారు చేసే ముందు, ఉద్యోగం ఏ నెలలో మొదలవుతుందో చూసుకుని, ఆ నెల నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి. చాలాచోట్ల డిఫెన్స్ మొదటి భాగాన్ని ఎవరైనా చూడవచ్చు. వీలైతే వేసవిలో, తూర్పు తీరంలో ఉంటే ఉదయం 10 గంటలకు పెట్టించుకోండి. అప్పటికి మన ఊళ్లో రాత్రి ఏడున్నర అవుతుంది, అమ్మానాన్నలు భోజనాలకు ముందు జూమ్‌లో కూర్చుని చూడగలుగుతారు.