స్టేషన్ పక్కన ఇంకా కట్టని ఫ్లాట్ కొంటున్నారా? సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

రైల్వే స్టేషన్ దగ్గర ఫ్లాట్ ఉంటే అద్దెకు ఢోకా లేదంటారు. చాలావరకు నిజమే. అయితే ప్లాన్ దశలోనే కొంటే, స్టేషన్ వల్ల రాబోయే లాభాన్ని బిల్డర్ ధరలో ముందే కలిపేసి ఉంటాడు. పని ఆలస్యమైనా, మార్కెట్ పడిపోయినా ఆ భారం మాత్రం ఎక్కువగా కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. కాబట్టి బ్రోచర్ పక్కనపెట్టి అగ్రిమెంట్ చేతిలోకి తీసుకోండి.

మొదట స్టేషన్ సంగతి తేల్చుకోండి. అది ఇప్పటికే నడుస్తోందా, ఇంకా రావాలా? రావాల్సిందైతే ప్రకటించిన తేదీని నమ్మి లెక్కలు వేసుకోవద్దు. లండన్ ఎలిజబెత్ లైన్ 2018 డిసెంబరులో మొదలవ్వాల్సింది, 2022 మేలో గానీ రైలు కదల్లేదు. ఇలాంటి ఆలస్యం వస్తే ఆశించిన అద్దె రాదు, బ్యాంకు వాయిదాలేమో ఆగవు.

నడుస్తున్న స్టేషనే అయితే, ‘ఐదు నిమిషాల నడక’ అన్న మాటను మీ కాళ్లతో మీరే కొలవండి. మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తుంది. తీరా వెళ్తే మెయిన్ రోడ్డు దాటాలి, ఫుట్‌బ్రిడ్జి ఎక్కి దిగాలి, గేటేమో అవతలి వైపు ఉంటుంది. రేపు మీ ఇంట్లో అద్దెకుండేవాళ్లు వానలో, చేతిలో సామానుతో నడవాల్సింది ఆ దారినే. రాత్రి పదకొండు దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి ఆ స్థలంలో కాసేపు నిలబడండి. గూడ్సు రైళ్లు చాలాచోట్ల రాత్రిపూటే తిరుగుతాయి. పట్టాలు మలుపు తిరిగేచోట చక్రాల కీచు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. రెండు పొరల అద్దాలు పెడితే శబ్దం తగ్గుతుంది గానీ, నేల గుండా వచ్చే అదురుకు అవి అడ్డుపడవు. ప్లాన్‌లో బెడ్‌రూమ్ పట్టాల వైపు ఉందేమో కూడా చూడండి.

చుట్టుపక్కల ఖాళీ స్థలాల మీద ఏయే అనుమతులు ఉన్నాయో ప్రణాళికా శాఖలో అడగండి. స్టేషన్ల చుట్టూ ఎత్తైన భవనాలను ప్రోత్సహించడం చాలా నగరాల్లో విధానం. నాలుగు టవర్లు ఒకేసారి పూర్తయి వందల ఫ్లాట్లు ఒక్కసారిగా అద్దెకొస్తే, మీరు రాసుకున్న అద్దె కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇక డబ్బు దగ్గర చాలామంది ఊహించని దెబ్బ ఒకటుంది. ధర 100, బ్యాంకు 80 శాతం లోన్ ఇస్తుంది అనుకుందాం. మీరు 20 సిద్ధం చేసుకుంటారు. రెండు మూడేళ్ల తర్వాత, కట్టడం పూర్తయ్యాక బ్యాంకు వాల్యుయేషన్ చేసి ఫ్లాట్ విలువ 90 మాత్రమే అంటే లోన్ 72 వస్తుంది. ఇప్పుడు మీరు తేవాల్సింది 28. ఆ 8 ఎక్కణ్నుంచి వస్తుందో ఈరోజే చెప్పలేకపోతే సంతకం పెట్టకండి. కట్టలేకపోతే అడ్వాన్సు పోయే ప్రమాదం ఉంది, కొన్నిచోట్ల నష్టపరిహారం కూడా అడుగుతారు.

మీరు కట్టే డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోందో అడగండి. భారత్‌లో 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చులకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. దుబాయ్‌లో 2007 నుంచి ఎస్క్రో ఖాతా, అంటే బిల్డర్ ఇష్టమొచ్చినట్టు తీయలేని ప్రత్యేక ఖాతా, తప్పనిసరి. ఈ కాపలా గట్టిగా లేనిచోట ఏమవుతుందో 2022లో చైనాలో కనిపించింది. సగంలో ఆగిపోయిన ఫ్లాట్లకు ఇక వాయిదాలు కట్టబోమని వేలమంది ఎదురుతిరిగారు.

అగ్రిమెంట్‌లో ‘ఈ తేదీలోగా పూర్తికాకపోతే రద్దు’ అనే షరతును లాయరుతో రెండుసార్లు చదివించండి. రద్దు చేసే హక్కు బిల్డర్‌కూ ఉంటే, ధరలు పెరిగినప్పుడు కావాలనే ఆలస్యం చేసి, మీ అడ్వాన్సు మీకిచ్చేసి, వేరేవాళ్లకు ఎక్కువకు అమ్ముకోవచ్చు. అందుకే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2015లో చట్టం మార్చారు. కొన్నవాళ్ల అంగీకారమో కోర్టు ఉత్తర్వో లేకుండా బిల్డర్ ఆ షరతు కింద రద్దు చేయకూడదు. పూర్తికాకముందే వేరొకరికి అమ్ముకునే వీలు మీకుందో లేదో కూడా మీ అగ్రిమెంట్‌లోనే తేలుతుంది. రెండేళ్లు అద్దె గ్యారంటీ అని బిల్డర్ అంటే మురిసిపోవద్దు, ఆ సొమ్మును చాలాసార్లు ధరలోనే కలిపేస్తారు.

చివరి వాయిదాకు ముందు బిల్డర్‌తో సంబంధం లేని ఇంజినీరును తీసుకెళ్లి బాత్‌రూమ్ వాలు, కిటికీల అంచులు, గోడల తేమ, పార్కింగ్ పైకప్పు అన్నీ చూపించండి. సిడ్నీలో ఓపల్ టవర్ అనే కొత్త భవనం పగుళ్లిచ్చి, 2018 క్రిస్మస్ ముందురోజు అందులో ఉన్నవాళ్లంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంజినీరు రాసిచ్చిన లోపాల జాబితా మీద బిల్డర్ సంతకం, సరిచేసే తేదీ రెండూ పడ్డాకే తాళాలు తీసుకోండి.