కొవ్వు కరగడం లేదు, కండ పెరగడం లేదు: లోపం ఎక్కడుంది?

ఒంట్లో కొవ్వు తగ్గాలంటే ఖర్చయ్యే శక్తి కన్నా తక్కువ తినాలి. కండ పెరగాలంటే శరీరానికి ముడిసరుకు, బరువులెత్తే శ్రమ రెండూ అందాలి. ఒకటి తగ్గిస్తూ మరొకటి పెంచడం కుదిరే పనే. తిండిలో తగ్గిన శక్తిని నిల్వ ఉన్న కొవ్వు సమకూరుస్తుంది, తిన్న ప్రోటీన్ కండకు చేరుతుంది. వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవారికి, కొంతకాలం మానేసి మళ్లీ వచ్చినవారికి, కొవ్వు బాగా ఉన్నవారికి ఇది మరింత తేలిక.

ఫలితం కనబడకపోతే చాలామంది వెంటనే తిండి ఇంకా తగ్గిస్తారు. అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని. ముందు మూడు లెక్కలు రాసిపెట్టుకోండి: నిద్రలేవగానే తూగిన బరువుకు వారం సగటు, బొడ్డు దగ్గర నడుము కొలత, ప్రతి వ్యాయామంలో ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తారన్నది. రెండు మూడు వారాల రాతలు చేతిలో ఉంటే లోపం చాలావరకు తానే బయటపడుతుంది.

సమస్య: మూడు వారాలుగా తూకం కదలడం లేదు

నడుము కొలత చూడండి. అది తగ్గుతూ, ఎత్తే బరువులు పెరుగుతుంటే మీ పద్ధతి పనిచేస్తోందని అర్థం. కొవ్వు పోయిన చోట కండ, నీరు చేరుతున్నాయి. కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థమైన గ్లైకోజెన్ ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. బలం కోసం వాడే క్రియాటిన్ పొడి మొదలుపెట్టినా, ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా తూకం పైకే చూపిస్తుంది. అన్నీ సవ్యంగా సాగుతున్న ఈ దశలో నిరాశపడి తిండి మానేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఏమీ మార్చకండి.

నడుమూ తగ్గకపోతే మీరు అనుకుంటున్న లోటు, అంటే ఖర్చుకన్నా తిండి తక్కువ కావడం, అసలు లేదన్నమాట. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ లెక్క తప్పడమే. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్నవారిని పరీక్షించిన ఒక అధ్యయనం 1992లో అమెరికాలో వెలువడింది. వారు తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని అందులో తేలింది. వారి జీవక్రియలో లోపం కనబడలేదు. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోరు, కంటి అంచనా అలాగే ఉంటుంది. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 కేలరీల దాకా ఉంటాయి. వంటలో జారిన రెండు చెంచాలు, చక్కెర కలిపిన పానీయం ఒకటి, సెలవు రోజు భోజనం కలిస్తే వారమంతా కూడబెట్టిన లోటు మాయమవుతుంది.

పరిష్కారం: పది రోజులపాటు ప్రతిదీ వండకముందే తూచి రాయండి. చేతి గడియారం చూపే "ఖర్చయిన కేలరీలు" నమ్మి అదనంగా తినకండి, ఆ అంకెలు తరచు చాలా తప్పుతాయి. లెక్క సరిచేశాక కూడా కదలిక లేకపోతే, అప్పుడు రోజుకు 150 నుంచి 200 కేలరీలు తగ్గించండి, లేదా నడక పెంచండి.

మీ అసలు లోటు ఎంతో మీ రాతలే చెబుతాయి. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. సగటు బరువు రెండు వారాల్లో అర కిలో తగ్గితే, 3,850ని 14తో భాగించండి. రోజుకు 275 కేలరీల లోటు. మొదటి వారంలో పోయేది ఎక్కువగా నీరే కనుక దానిని ఈ లెక్కలో కలపకండి.

సమస్య: బరువు వేగంగా తగ్గుతోంది, కానీ బలమూ పోతోంది

గత నెల ఎనిమిదిసార్లు ఎత్తిన బరువు ఇప్పుడు ఐదుసార్లకే ఆగిపోతోందా? లోటు మరీ లోతుగా ఉంది. నార్వేలో క్రీడాకారులను రెండు జట్లుగా చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. వారానికి ఒంటి బరువులో 0.7 శాతం తగ్గినవారు కొవ్వు పోగొట్టుకుంటూనే కండ పెంచుకున్నారు. 1.4 శాతం చొప్పున తగ్గినవారికి ఆ లాభం దక్కలేదు.

పరిష్కారం: రోజుకు 200 నుంచి 300 కేలరీలు కలపండి, వాటిలో ఎక్కువ భాగం వ్యాయామానికి ముందూ వెనుకా తినే పిండిపదార్థాల రూపంలో. 80 కిలోల మనిషికి వారానికి 400 నుంచి 550 గ్రాముల తగ్గుదల చాలు. పరుగు, సైకిలు అతిగా చేస్తుంటే వాటినీ కొంత తగ్గించండి.

సమస్య: బరువు తగ్గింది, ఒళ్లు మాత్రం వదులుగానే ఉంది

కొవ్వుతోపాటు కండా పోయింది. ప్రోటీన్ చాలకపోవడమో, బరువులు చాలకపోవడమో, తరచుగా రెండూనో. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన ప్రయోగంలో, అధిక బరువున్న యువకులు నాలుగు వారాలపాటు 40 శాతం లోటులో ఉండి గట్టి వ్యాయామం చేశారు. ఒంటి బరువులో కిలోకు 2.4 గ్రాముల ప్రోటీన్ తిన్నవారిలో కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది, కొవ్వు 4.8 కిలోలు తగ్గింది. 1.2 గ్రాములు తిన్నవారిలో కొవ్వు కాని బరువు దాదాపు ఉన్నచోటే ఉంది. అంత తీవ్రమైన లోటు మీరు పెట్టుకోకండి, ప్రోటీన్ విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి.

పరిష్కారం: కిలోకు 1.6 నుంచి 2.2 గ్రాములు. 70 కిలోలైతే రోజుకు 112 నుంచి 154 గ్రాములు, మూడు నాలుగు పూటలకు పంచుకుని. బరువు చాలా ఎక్కువగా ఉన్నవారు చేరదలచిన బరువుతో లెక్క వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే వైద్యుణ్ని అడగకుండా ప్రోటీన్ పెంచవద్దు. ఇక వ్యాయామం: ప్రతి కండరానికీ వారానికి రెండుసార్లు పని చెప్పండి. ఇంకొక రెండుసార్లు మాత్రమే ఎత్తగలం అనిపించేదాకా ప్రతి సెట్టూ (ఆగకుండా వరుసగా ఎత్తే ఒక విడత) సాగాలి. తేలిక బరువులతో చెమట పట్టించుకోవడం ఇందుకు సరిపోదు.

సమస్య: బలం పెరుగుతోంది, నడుమూ పెరుగుతోంది

ఎక్కువ తింటున్నారు. రోజుకు 300 కేలరీలు తగ్గించండి. ప్రోటీన్‌ను కదపకుండా నూనెలు, తీపి పదార్థాల నుంచి తీయండి.

సమస్య: లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒంట్లో ఓపిక లేదు

నిద్ర గంటలు చూడండి. 2010లో వెలువడిన ఒక చిన్న ప్రయోగంలో, అదే తిండి తింటూ ఎనిమిదిన్నర గంటలకు బదులు ఐదున్నర గంటలే పడుకునే వీలు ఇచ్చినప్పుడు, తగ్గిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది. పోయింది ఎక్కువగా కొవ్వు కాని బరువే. కాబట్టి నిద్ర సరిచేయకుండా కేలరీలు సవరించడం దండగ. నిద్ర బాగున్నా నీరసం వదలకపోతే ఒకటి రెండు వారాలు లోటు లేకుండా తినండి. నెలసరి ఆగిపోతే మాత్రం లోటు వెంటనే ఆపి వైద్యుణ్ని కలవాలి.

సమస్య: ఏళ్లుగా ఎత్తుతున్నాను, కొవ్వూ తక్కువే, అయినా ఏదీ కదలడం లేదు

మీ విషయంలో తప్పు పద్ధతిలో లేదు. అనుభవం పెరిగి, కొవ్వు తగ్గేకొద్దీ రెండు పనులూ ఒకేసారి జరగడం అరుదవుతుంది. ఒకదాన్ని ఎంచుకోండి: కొన్ని నెలలు రోజుకు 200 నుంచి 300 కేలరీలు అదనంగా తిని కండ పెంచండి, ఆ తర్వాత 8 నుంచి 12 వారాలు చిన్న లోటుతో కొవ్వు తీయండి.