ఇంగ్లండ్ చట్టాన్ని స్కాట్లాండ్ ఓట్లు గెలిపించాయా? లెక్క తేల్చుకునే విధానం

బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు, కామన్‌వెల్త్ పౌరులుగా, అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. కనుక వెస్ట్ లోథియన్ ప్రశ్న అక్కడి తెలుగువారిది కూడా. స్కాట్లాండుకు సొంత శాసనసభ వచ్చాక అక్కడి ఎంపీలు ఇంగ్లండ్ వ్యవహారాలపై ఓటు వేస్తూ ఉంటే, ఇంగ్లండ్ ఎంపీలకు స్కాట్లాండ్ వ్యవహారాలపై ఆ అవకాశం లేకపోవడం ఎంతకాలం చెల్లుతుందని 1977లో స్కాట్లాండులోని వెస్ట్ లోథియన్ ఎంపీ టామ్ డాల్యెల్ నిలదీశారు; ఆ ప్రశ్నకే ఈ పేరు. మన దేశంలో ప్రతి రాష్ట్రానికీ శాసనసభ ఉంది; ఇంగ్లండుకు మాత్రం విడిగా సభ లేదు.

ఏదైనా బిల్లు విషయంలో అన్యాయం జరిగిందనే ముందు, అది ఏ ప్రాంతానికి వర్తిస్తుందో క్లాజుల వారీగా చూడండి. ఇంగ్లండ్, వేల్స్‌లది ఒకే న్యాయ పరిధి కాబట్టి, ఇంగ్లండులో మాత్రమే అమలయ్యే నిబంధనకు కూడా బిల్లు చివర రెండు పేర్లూ కనిపిస్తాయి. అందుచేత బిల్లుతోపాటు వచ్చే వివరణ పత్రం కూడా చదవాలి.

తరువాత పార్లమెంటు చర్చల అధికారిక రికార్డు అయిన హాన్సార్డులో ఓటింగు జాబితా తెరిచి, స్కాట్లాండ్ ఎంపీలను రెండు వైపుల నుంచీ తీసివేయండి. ఒక్క వైపే తీసివేయడం చాలామంది చేసే పొరపాటు. 2004 జనవరి 27న ఇంగ్లండులో విశ్వవిద్యాలయ ఫీజులను ఏడాదికి 3,000 పౌండ్ల వరకు పెంచుకోనిచ్చే బిల్లు 316–311 ఓట్లతో రెండో పఠనం (బిల్లు మూల సూత్రాలపై ఓటింగు) దాటింది. అనుకూల ఓట్లలో 46 స్కాట్లాండ్ లేబర్ ఎంపీలవి. అవి పోతే మిగిలేవి 270. అప్పుడు స్కాట్లాండుకు ఉన్నవి 72 స్థానాలు కనుక, మిగతా 26 మందీ వ్యతిరేకించారని అనుకున్నా అటువైపు 285 ఉంటాయి. అంటే ఆ ఓట్లు లేకుంటే బిల్లు ఓడిపోయేదే. విద్య స్కాట్లాండ్ శాసనసభ చూసుకునే విషయం కనుక, ఇంగ్లండుకు వెళ్ళి చదివేవారిని మినహాయిస్తే, బిల్లును గట్టెక్కించిన ఆ ఎంపీల నియోజకవర్గాల విద్యార్థులపై ఈ భారం పడదు. భారం పడిన ఓటర్లకు వారిని ఓడించే వీలూ లేదు. నన్ను బాధించేది ఈ జవాబుదారీతనం లేకపోవడమే.

అయితే డబ్బు లెక్క కూడా చూడాలి. బార్నెట్ సూత్రం ప్రకారం ఇంగ్లండులో ఆరోగ్యం, విద్య వంటి పద్దుల ఖర్చు మారితే, జనాభా నిష్పత్తిలో స్కాట్లాండుకు అందే నిధులూ మారతాయి. ఖర్చును మార్చే బిల్లుపై స్కాట్లాండ్ ఎంపీ ఓటు వేస్తే తప్పుపట్టడం కష్టం.

చివరగా, ఆ రోజు ఏ సభా నియమాలు అమల్లో ఉన్నాయో గమనించండి. 2015 అక్టోబరు నుంచి 2021 జూలై వరకు, చివరి ఏడాది నిలిపివేత కాలాన్ని కలుపుకొని, ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ ఓట్లు అనే పద్ధతి ఉండేది. అది ఇంగ్లండ్ ఎంపీలకు అడ్డుకునే అధికారాన్నే ఇచ్చింది, నెగ్గించుకునే అధికారాన్ని కాదు. అందుకే 2016 మార్చిలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆదివారం దుకాణాల వేళలు సడలించే ప్రతిపాదన, ఆ రెండు ప్రాంతాల ఎంపీలలో ఎక్కువమంది మద్దతు ఉండి కూడా, సభ మొత్తం ఓటింగులో 317–286 తేడాతో వీగిపోయింది.