లేజర్ పనికి జిగ్ చేసుకోవడం: రెండు వందల కీచైన్లలోనూ పేరు ఒకేచోట పడాలంటే

తిరుపతిలో లేజర్ మెషీన్ పెట్టుకున్నవాళ్లకి వచ్చే పని ఏంటో తెలిసిందే, చెక్క కీచైన్లు, నేమ్ ప్లేట్లు, పెళ్లిళ్లలో పంచే రిటర్న్ గిఫ్టులు. రెండు వందల కీచైన్ల ఆర్డర్ వచ్చిందనుకోండి, ఒక్కొక్కటీ బెడ్ మీద పెట్టి, డిజైన్ ఎక్కడ పడుతుందో చూపించే 'ఫ్రేమ్' బటన్ నొక్కి చూసుకుని, కాస్త జరిపి, మళ్లీ ఫ్రేమ్ నొక్కి... ఇలా చేస్తే లేజర్ కాల్చేది తక్కువ, మీ ఓపిక కాలేది ఎక్కువ. ముందే ఒక జిగ్, అంటే ముక్కలు కదలకుండా కూర్చునే రంధ్రాలు (పాకెట్లు) ఉన్న పలక, కోసుకుంటే ఈ గోల ఉండదు.

రంధ్రాల సంగతి తర్వాత. ముందు బెడ్ మీద కదలని మూల ఒకటి కావాలి. చెక్కపొట్టు అదిమి చేసే 6 ఎంఎం ఎండీఎఫ్‌తోనో అక్రిలిక్‌తోనో ఎల్ ఆకారంలో పట్టీ కోసి, తేనెపట్టు బెడ్ ఫ్రేమ్‌కి స్క్రూలతో బిగించేయండి, సెలోటేపుతో అంటించారంటే మాత్రం రెండో రోజుకే జరిగిపోతుంది. మెషీన్ ఆన్ చేయగానే హోమ్ అయ్యేదైతే, అంటే లేజర్ హెడ్ తనంతట తానే మొదలు మూలకి వెళ్లేదైతే, మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ లైట్‌బర్న్‌లో 'అబ్సల్యూట్ కోఆర్డ్స్' పెట్టుకోండి. 'కరెంట్ పొజిషన్'లో ఉంచితే హెడ్ ఎక్కడ ఆగి ఉంటే అక్కడినుంచి మొదలుపెడుతుంది, ఇక మీరు బిగించిన మూలకి అర్థమే లేదు.

తర్వాత కొలతలు. అమ్మినవాడు 50×30 అన్నాడని అదే గీసేయకండి. వెర్నియర్ తీసుకుని గుట్టలోంచి పది పన్నెండు ముక్కలు కొలవండి, అన్నిటికంటే పెద్దది ఏదో దానికే పాకెట్ గీయాలి. పెద్ద ముక్క 50.4×30.3 వచ్చిందనుకుందాం. లేజర్ గీతకీ వెడల్పు ఉంటుంది కదా, దాన్నే కెర్ఫ్ అంటారు, సీఓ2 మెషీన్‌లో సాధారణంగా 0.1 నుంచి 0.2 ఎంఎం. అది 0.15 అయితే, 50.5×30.4 అని గీసిన పాకెట్ కోశాక 50.65×30.55 అవుతుంది. ముక్క దూరడానికి, తీయడానికి అది చాలు. మొత్తం షీటు కోసేముందు వ్యర్థపు ముక్క మీద ఒక్క పాకెట్ కోసి చూడండి, వేలితో నొక్కితే దిగాలి, తిరగేస్తే దానంతట అదే రాలాలి.

ఏర్పేడు దగ్గర మాధవమాల నుంచి వచ్చే చేతిపని సరుకు సంగతి వేరు. చేత్తో చెక్కింది కాబట్టి ఏ రెండూ ఒకే సైజులో ఉండవు. గుండ్రటి వాటికి పాకెట్ బదులు 90 డిగ్రీల వి ఆకారపు గాడి కోయండి. ముక్కని అందులోకి నెడితే ఎడమ కుడి మధ్యగీత ఎప్పుడూ తప్పదు. ముందు వెనకలు మాత్రం మారతాయి, వ్యాసార్థంలో అర ఎంఎం తేడా ఉంటే మధ్య బిందువు దాదాపు 0.7 ఎంఎం జరుగుతుంది. పేరు ఒక్కటే రాసేటప్పుడు అది కంటికి ఆనదు, చుట్టూ బోర్డర్ వేశారా వెంటనే దొరికిపోతారు. అన్నట్టు, ఎవరైనా ఎర్రచందనం ముక్కలు తెచ్చి రాయమంటే కాగితాలు చూడకుండా ముట్టుకోకండి, ఆ ముదురు రంగు మీద కాల్చిన అక్షరం ఎలాగూ సరిగ్గా కనిపించదు.

జిగ్‌ని ఆ మూలకి ఆనించిన షీటు మీదే కోయండి, కోశాక కదపకండి. పాకెట్లు కోసిన ఫైల్‌లోనే డిజైన్ పెట్టుకుంటే రెండూ వాటంతటవే కలుస్తాయి, మళ్లీ కొలిచే పని లేదు. ఒకే బొమ్మని వరుసల్లో కాపీలు చేసే గ్రిడ్ అరేతో పాకెట్లు పరుచుకోండి, కోయడం అయ్యాక ఆ గీతల్ని టూల్ లేయర్ టీ1లోకి మార్చండి, కంటికి కనిపిస్తాయి కానీ మెషీన్‌కి వెళ్లవు. ప్రతి పాకెట్‌కీ ఒక పక్క వేలు దూరేంత అర్ధచంద్రం, కీచైన్ రింగు పడుకోవడానికి ఒక గాడి మర్చిపోవద్దు. రింగు పైకి లేచి ఉంటే హెడ్ తగులుతుంది. జిగ్ మందం ముక్క కంటే తక్కువ ఉండాలి, 5 ఎంఎం చెక్కకి 3 ఎంఎం జిగ్ బాగుంటుంది. ఫోకస్ మాత్రం ముక్క పైభాగం మీద పెట్టాలి, జిగ్ మీద కాదు.

జిగ్‌కి ఎండీఎఫ్ చవక, కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు కదా, ఆ తేమకి ఉబ్బి పాకెట్లు బిగుసుకుంటాయి. మళ్లీ మళ్లీ వచ్చే ఆర్డర్‌కి అక్రిలిక్ వాడండి. బోర్డుల షాపులో మిగిలిన సన్‌బోర్డ్ ముక్కలు ఊరికే దొరుకుతున్నాయని మాత్రం లేజర్ కింద పెట్టొద్దు, అది పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ చేటు, మెషీన్‌లో హెడ్ జరిగే ఇనుప పట్టాలు కూడా తుప్పు పట్టిపోతాయి.

తెలుగు పేర్లుంటే ఇంకో పని ఉంది. డీటీపీ షాపునుంచి యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో వచ్చిన ఫైల్ మీ సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపించొచ్చు, కొన్ని లేజర్ సాఫ్ట్‌వేర్లలోనేమో యూనికోడ్ ఒత్తులు విడిపోతాయి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, పాత్‌గా, అంటే ఉత్త గీతలుగా, మార్చి తెచ్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు. సన్న ఫాంట్ వద్దు, చిన్న సైజులో 'క్ష్మి' లాంటి చోట్ల మసి నిండి ముద్దైపోతుంది.

పని అయ్యాక జిగ్ మీదే లేజర్‌తో ఫైల్ పేరు, ముక్క మందం, మూలకి ఆనే వైపు బాణం గుర్తు రాసేయండి. ఆరు నెలల తర్వాత తీసినప్పుడు మొదటి పాకెట్‌లోనూ, దానికి ఎదురు మూలనున్న చివరి పాకెట్‌లోనూ మాస్కింగ్ టేపు అంటించిన ముక్కలు పెట్టి తక్కువ పవర్‌లో రాయండి. మొదటిది సరిగ్గా పడి చివరిది పక్కకి పోతే జిగ్ ఏటవాలుగా కూర్చుందన్నమాట, ఎల్ పట్టీ సందులో ఇరుక్కున్న చెక్కపొట్టు ఊడ్చి మళ్లీ ఆనించండి. రెండూ ఒకే వైపు ఒకేలా జరిగాయంటే జిగ్‌ని కదపకండి, మెషీన్‌ని ఇంకోసారి హోమ్ చేసి చూడండి.