చేతి సైలెన్సర్ – నాలుగో పాఠం: మోత తగ్గించడం

పోయిన పాఠంలో బెండ్ పైపు వంచి, ఇంజన్ దగ్గర ఫ్లాంజి (పైపును ఇంజన్‌కు నట్లతో బిగించే రేకు చట్రం) అతికించి, దాని వెనక ఒక డబ్బా బిగించేదాకా వచ్చాం. బండి స్టార్టయింది, నడుస్తోంది. కానీ వీధి మొదట్లో తిరిగితే వీధి చివరిదాకా వినపడుతోంది. "ఏందన్నా, ఇట్టా మోగుద్ది మీ బండి?" అని పక్కింటివాళ్లు అడిగేదాకా ఆగకూడదు. ఈ పాఠమంతా ఆ మోత తగ్గించడం గురించే.

ముందుగా ఒక హద్దు గీసుకుందాం. ఈ పాఠం కార్బురేటర్ ఉన్న పాత ఫోర్ స్ట్రోక్ బండ్లకు, అదీ కంపెనీ సైలెన్సర్ తుప్పు పట్టిపోయి, కొత్తది దొరకని బండ్లకు మాత్రమే. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) బండ్ల పైపులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. వాటి జోలికి పోవద్దు, రంపం అసలు పెట్టొద్దు. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకూ ఈ లెక్కలు కుదరవు. వాటి పైపులో లావయి మళ్లీ సన్నబడే ఆ పొట్ట ఇంజన్ ఊపిరిలో భాగం. దాని కొలత మారితే బండి పికప్పే పోతుంది.

ఇక పాఠంలోకి వద్దాం. చాలామంది మోత ఎక్కువైందనగానే పైపు మూతి దగ్గర చేతికి దొరికిందల్లా కుక్కుతారు. స్టీలు పీచు, ఇనుప జాలీ, ఒక వాషరు వెల్డింగు చేసి పెట్టేవాళ్లూ ఉన్నారు. మోత కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా ఇంజన్ వేడెక్కి, బండి లాగడం మానేస్తుంది. ఇలా ఎందుకవుతుందంటే, మనం మోత అని ఒక్క మాటలో అనేది నిజానికి నాలుగు వేరువేరు చప్పుళ్లు. ఏది వస్తోందో తెలుసుకుని దాని మందు దానికి వేయాలి.

మొదటిది లీకు చప్పుడు. ఇంజన్ దగ్గర టిక్ టిక్‌మని కొట్టుకుంటుంది, యాక్సిలేటర్ వదిలేస్తే పటపటమని పేలుతుంది. రెండోది దడదడ, గుండెలో తగిలే బరువైన శబ్దం. మూడోది చెవిలో గుచ్చుకునే చీల్చుడు శబ్దం, రేస్ ఇచ్చినప్పుడు పెరుగుతుంది. నాలుగోది రేకు మోగడం, వేలితో కొడితే గిన్నెలా ఖంగుమనే డబ్బా చేసేది. పని కూడా ఇదే వరుసలో చేయండి. లీకు ఉండగా మిగతా వాటిమీద ఎంత ఖర్చు పెట్టినా దండగే.

లీకు ఎక్కడుందో కనుక్కోవడం సులువు. సైలెన్సర్ విప్పి, లోపల గ్లాస్ ఊల్ (గాజు పోగుల దూది) ఏమీ నింపకముందే, ఒక మూతి గుడ్డతో గట్టిగా బిగించి, రెండో మూతిలోంచి పంక్చర్ షాపు గాలి కొద్దికొద్దిగా వదులుతూ నీళ్ల తొట్టెలో ముంచండి. బుడగలొచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. ఇంజన్ దగ్గరి జాయింటుకు తొట్టె పనికిరాదు. అక్కడ నల్లటి మసి చార కనిపిస్తే అదే లీకు. పాత ప్యాకింగ్ తీసి కొత్త రాగి ప్యాకింగ్ వేయండి. రెండు నట్లనూ ఒకటి తర్వాత ఒకటి సమంగా బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది తర్వాత చూద్దామంటే ఫ్లాంజి వంకర పోతుంది. యాక్సిలేటర్ వదిలినప్పుడు పేలడానికి కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఈ సందులోంచి బయటి గాలి పైపులోకి దూరి, కాలకుండా వచ్చిన పెట్రోలు ఆవిరితో కలిసి అంటుకుంటుంది.

వెల్డింగు చేయించేటప్పుడు రెండు జాగ్రత్తలు. సైలెన్సర్‌ను బండి మీద ఉంచి వెల్డింగు చేయనివ్వొద్దు, విప్పి షెడ్డుకు తీసుకుపోండి. తప్పనిసరై బండి మీదే చేయాల్సివస్తే బ్యాటరీ వైర్లు తీసేయాలి. రెండోది ఇంకా ముఖ్యం. మన జిల్లాలో బోరు దించిన ప్రతి ఇంట్లో జీఐ పైపు ముక్క మిగిలి ఉంటుంది, దాన్నే సైలెన్సర్‌కు వాడేద్దామనిపిస్తుంది. వద్దు. దానిమీది జింకు పూత వెల్డింగు వేడికి తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రేకు గానీ, డబ్బులుంటే 304 స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, 1.2 మి.మీ. మందంలో తీసుకోండి.

ఇప్పుడు దడదడ. ఈ పాఠంలో అందరూ నిదానంగా చదవాల్సిన చోటు ఇది.

సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 25 పేలుళ్లు, 6000 అయితే 50. ఈ 25, 50, వాటి రెట్టింపులు, మూడింతలు కలిసినదే ఆ దడదడ. ఇంత మందమైన శబ్దం గోడల్లోంచి కూడా దూరిపోతుంది. తలుపులేసుకున్నా కిటికీ అద్దాలు అదరడం అందుకే. దీనికి గ్లాస్ ఊల్ చేసేదేమీ లేదు. దీనికి కావలసింది చోటు. సన్న పైపులోంచి వచ్చిన అల ఒక్కసారిగా వెడల్పాటి గదిలోకి పడితే అందులో కొంత వెనక్కి తిరుగుతుంది, బయటికి పోయేది తగ్గుతుంది.

గది ఎంత వెడల్పుంటే అంత మేలు. లోపలి పైపు 32 మి.మీ., డబ్బా 90 మి.మీ. వ్యాసం అనుకోండి. వైశాల్యంలో దాదాపు ఎనిమిది రెట్లు. ఈ నిష్పత్తికి గది గరిష్ఠంగా 12 డెసిబెల్స్ దాకా తగ్గించగలదు. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆ గరిష్ఠం అన్ని శబ్దాలకూ రాదు, గది పొడవును బట్టి ఉంటుంది. వేడి పొగలో ధ్వని సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుంది, బయటి గాలిలో కంటే బాగా ఎక్కువ. 500ను గది పొడవుకు (మీటర్లలో) నాలుగింతలతో భాగిస్తే ఆ గది బాగా పట్టే శబ్దం వస్తుంది. 30 సెంటీమీటర్ల గదికి, అంటే 0.3 మీటర్లకు, అది 417 హెర్ట్జ్ (సెకనుకు 417 కంపనాలు) దగ్గర. దానికి రెట్టింపు, అంటే 833 దగ్గర, ఆ గది దేన్నీ ఆపదు, వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే పంపేస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర 18 సెంటీమీటర్ల గది రెండున్నర డెసిబెల్స్ కూడా తగ్గించదు, 30 సెంటీమీటర్లది ఐదుకు దగ్గరగా తగ్గిస్తుంది. ఇంట్లో చేసిన సైలెన్సర్లు పొట్టిగా, ముద్దుగా ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ, దడదడ పోకపోవడానికి ఆ పొట్టితనమే కారణం. డబ్బా లోపలి చోటు పెంచకుండా దాన్ని పోగొట్టడం కష్టం.

మరి 833 దగ్గర వదిలేసే శబ్దం సంగతి? దానికి పైసా ఖర్చులేని ఉపాయముంది. లోపలికి వచ్చే పైపును గది గోడ దగ్గరే ఆపకుండా, గది పొడవులో సగం దాకా లోపలికి పోనివ్వండి. 30 సెంటీమీటర్ల గదిలో 15 సెంటీమీటర్లు. అలా చొచ్చుకొచ్చిన పైపుకూ డబ్బాకూ మధ్య ఒక గుడ్డి సందు ఏర్పడుతుంది. 500ను 15 సెంటీమీటర్లకు నాలుగింతలతో భాగించి చూడండి, సరిగ్గా అదే 833 వస్తుంది. గది వదిలేసిన శబ్దాన్ని ఈ సందు పట్టుకుంటుంది. అలాగే బయటికి పోయే పైపును పొడవులో పావు వంతు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు, లోపలికి ఉంచితే ఆపై వచ్చే 1667 కూడా పోతుంది. కొలతలు ఇంత చక్కగా అమరడం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమేస్తుంది. చేయాల్సిందల్లా రెండు పైపులూ కోసేటప్పుడు కాస్త పొడుగ్గా కోసుకోవడమే.

గదికి చివర ఒక రేకు బిళ్ల అడ్డం పెట్టి, దాని తర్వాత మరో 20 సెంటీమీటర్లు ఊల్ భాగానికి ఉంచండి. మొత్తం డబ్బా 50 సెంటీమీటర్లు, లోపలి చోటు సుమారు మూడు లీటర్లు. ఇంజన్ సీసీకి కనీసం పదింతల చోటు ఉండాలని నేను పెట్టుకున్న లెక్క. 150 సీసీ బండికి ఇది ధారాళంగా సరిపోతుంది.

ఊల్ భాగం పని చీల్చుడు శబ్దాన్ని మింగడం. మధ్యలో చిల్లుల పైపు, దాని చుట్టూ గ్లాస్ ఊల్. చిల్లులు 3 మి.మీ., ఒకదాని నడుమ నుంచి పక్కదాని నడుమకు 5 మి.మీ., ఒక వరుస చిల్లుల సందులకు ఎదురుగా పక్క వరుస చిల్లులు వచ్చేలా పెడితే పైపు ఒంట్లో మూడో వంతు దాకా తెరుచుకుంటుంది. అంత ఉండాలి. డ్రిల్లుతో ఒక్కొక్కటే వేసుకుంటూ కూర్చోకండి, చిల్లుల రేకు కొని లేత్ షాపులో గుండ్రంగా చుట్టించుకోవడం తేలిక. నెల్లూరు ఆటోనగర్‌లో గానీ ఒంగోలులో గానీ రేకు పనివాళ్లకు కొలత రాసిచ్చి, ఆర్గాన్ వెల్డింగు పెట్టమనండి.

ఊల్ ఎంపికలో పొరపాటు చేయొద్దు. ఇంటి కప్పులకు వేసే గ్లాస్ ఊల్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు ఉంటుంది. సైలెన్సర్ వేడికి అది కాలిపోతుంది, పోగులు విడిపోయి మూతిలోంచి ఎగిరిపోతాయి. సైలెన్సర్లకని అమ్మే పొడుగు పోగు ఊల్ అడగండి. చిల్లుల పైపు మీద ముందు స్టెయిన్‌లెస్ స్టీలు పీచు ఒక వరుస చుట్టి, దానిమీద ఊల్ చుట్టండి. నేరుగా తగిలే పొగ దెబ్బను ఆ పీచు కాస్తుంది. ఎంత నింపాలంటే, లీటరు చోటుకు 100 నుంచి 150 గ్రాములు. మన 20 సెంటీమీటర్ల భాగం దాదాపు లీటరు కాబట్టి తూకం వేసి అంతే పెట్టండి. గట్టిగా కూరితే అది గోడయిపోతుంది, శబ్దం లోపలికి దూరదు. వదులుగా పెడితే నెలలో ఒక పక్కకు జారుతుంది. ఊల్ ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, మాస్కు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఉండాల్సిందే. పసిపిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోవద్దు. వెనక మూతను వెల్డింగు చేయకుండా రివెట్లతో బిగించండి, ఊల్ మార్చాల్సి వచ్చినప్పుడు డబ్బా కోయక్కర్లేదు.

రేకు మోగడానికి పెద్ద మందు అక్కర్లేదు. ఊల్ ఉన్న మేర అది దానంతటదే తగ్గుతుంది. ఖాళీ గది మీద మరో రేకు తొడుగు వేస్తే మిగిలింది పోతుంది. డబ్బాను ఛాసిస్‌కు బిగించేచోట రబ్బరు బుష్ తప్పకుండా పెట్టండి.

తీరప్రాంతం వాళ్లకు ఒక మాట. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరి రూపంలో. కొత్తపట్నం, మైపాడు లాంటి ఊళ్లలో ఇంటికీ అంగడికీ మధ్య రెండు కిలోమీటర్లే తిరిగే బండి సైలెన్సర్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది. పైన ఉప్పుగాలి, లోపల నీళ్లు, రెండువైపులా తుప్పు. డబ్బాలో అన్నిటికంటే కింద ఉండే చోట 3 మి.మీ. చిల్లు ఒకటి వేయండి. చప్పుడు పెరుగుతుందేమోనని భయపడొద్దు, తేడా తెలియదు.

అంతా అయ్యాక కొలవాలి. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ చెప్పే అంకె నికరమైంది కాదు, కానీ మార్పుకు ముందూ తర్వాతా అదే ఫోనుతో, అదే చోట కొలిస్తే తేడా నమ్మొచ్చు. ఊరి బయట గోడలు లేని చోట, గాలి లేని పొద్దుటిపూట, పైపు మూతికి అర మీటరు దూరంలో, మూతి ఎత్తులోనే, 45 డిగ్రీల పక్కగా ఫోను పట్టుకోండి. యాక్సిలేటర్ ఇవ్వకుండా స్లోలో ఒకసారి, రేస్ ఇచ్చి ఒకసారి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజన్ నడపొద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూలబడేదాకా తెలియదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు మోటార్ సైకిల్ మోత 80 నుంచి 175 సీసీ వరకు 77 డెసిబెల్స్, ఆపైన 80 దాటకూడదు. అది నడుస్తున్న బండిని 7.5 మీటర్ల దూరం నుంచి కొలిచే అంకె, మీరు అర మీటరులో చూసినదాంతో పోల్చి కంగారు పడకండి. 2019 సవరణ తర్వాత మోత నియమం తప్పితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది, మూడు నెలలు లైసెన్సూ పోవచ్చు. చేతి సైలెన్సర్ ఎంత నెమ్మదిగా ఉన్నా అనుమతి పొందిన భాగం కాదు, పోలీసులు ఆపితే ఆ వాదన నిలవదు. అందుకే మీ బండికి కంపెనీ సైలెన్సర్ ఎక్కడైనా దొరికిన రోజున దాన్నే బిగించండి.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు చేసి ఉంచండి. కొత్త సైలెన్సర్‌తో ఒక వంద కిలోమీటర్లు తిరిగి, నట్లన్నీ చల్లారాక మళ్లీ బిగించండి. తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి దాని మొన రంగు చూడండి. లేత గోధుమ రంగుంటే మంచిది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, నల్లగా మసి పట్టి ఉంటే ఎక్కువవుతోంది. ఆ రంగు రాసిపెట్టుకుని రండి, ఐదో పాఠంలో కార్బురేటర్ జెట్టు (పెట్రోలు ఎంత పోవాలో తేల్చే సన్న చిల్లు ముక్క) దాన్ని బట్టే మారుద్దాం.