పేపర్ అచ్చయింది, వెతికితే దొరకదు: ఎక్కడ ఆగిందో చూసుకోండి

నాగార్జున యూనివర్సిటీ అయినా, లాం అగ్రికల్చర్ వర్సిటీ అయినా, బెజవాడ డిగ్రీ కాలేజీ అయినా పరిశోధకుల ఇబ్బందులు ఇవే. పని బాగా లేక కాదు, పేపర్‌నీ మనిషినీ సెర్చ్ ఇంజన్ గుర్తుపట్టలేకే చాలా పరిశోధన పేపర్లు మరుగున పడుతున్నాయి.

సమస్య: మీ పేపర్లు కొన్ని వేరేవాళ్ల లెక్కలో పడ్డాయి

కారణం మన పేర్లే. ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాస్తాం. ఒక జర్నల్ 'కె. వెంకటరావు' అంటుంది, ఇంకోటి 'వెంకటరావు కె.' అంటుంది. ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచనివ్వరు కాబట్టి 'వెంకట', 'రావు' అని విడగొడితే సైటేషన్‌లో, అంటే వేరేవాళ్లు మీ పేపర్‌ను ఉదహరించే చోట, 'రావు వి.' అయి కూర్చుంటుంది. ఆ పేరున్నవాళ్లకు లెక్కే లేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళలకు ఈ చిక్కు రెట్టింపు.

పరిష్కారం: ఇంటిపేరు పూర్తిగా రాసే ఒకే రూపం ఖాయం చేసుకుని ఇకపై అదే వాడండి. పరిశోధకులకు గుర్తింపు సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ (ORCID) సైట్‌లో ఉచితంగా 16 అంకెల ఐడీ తీసుకుని, ఇతర పేర్ల గడిలో పాత రూపాలన్నీ చేర్చండి. పేపర్ పంపేటప్పుడే ఆ ఐడీ ఇవ్వండి. పేపర్ల, సైటేషన్ల లెక్క ఉంచే స్కోపస్ డేటాబేస్‌లో మీకు రెండు ప్రొఫైళ్లుంటే కలపమని అక్కడే ఉచితంగా అడగొచ్చు. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో మీ ప్రొఫైల్‌ను కాలేజీ మెయిల్‌తో వెరిఫై చేసి పబ్లిక్‌గా పెట్టండి. కొత్త పేపర్లు తనంతట తానే చేర్చే ఆప్షన్ మాత్రం వద్దు. మీ పేరే ఉన్న వేరొకరి పేపర్లు వచ్చి పడతాయి. ముందు మెయిల్ పంపమనే ఆప్షన్ ఎంచుకోండి.

సమస్య: కాలేజీ సైట్‌లో పీడీఎఫ్ ఉంది, స్కాలర్‌లో రాదు

పీడీఎఫ్ తెరిచి ఒక మాటను మౌస్‌తో ఎంచి చూడండి. ఎంపిక కాకపోతే అది స్కాన్ బొమ్మ. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయండి, లేదా వర్డ్ ఫైల్ ఉంటే దాన్నుంచే కొత్త పీడీఎఫ్ తీయండి. సంచిక మొత్తం ఒకే ఫైల్‌గా ఉంటే విడగొట్టి ఒక్కో పేపర్‌కు ఒక్కో లింకు ఇవ్వాలి. సైజు 5 ఎంబీ దాటకూడదు. మొదటి పేజీలో శీర్షికే అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, దాని కిందే రచయితల పేర్లు ఉండాలి.

తెలుగు వ్యాసాలకు ఇంకో గండం ఉంది. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పేజీలు కట్టిస్తే కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే బయటపడుతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే అక్షరాల్లోకి) మార్చి, వత్తులు చెదిరిన చోట్ల ప్రూఫ్ దిద్దండి. అంత ఓపిక లేకపోతే కనీసం శీర్షిక, సారాంశం, కీలక పదాలు యూనికోడ్‌లో టైపు చేసి వెబ్ పేజీలో పెట్టండి.

సమస్య: పేపర్ కనిపిస్తుంది, ఎవరూ తెరవరు

'మిరపలో కొత్త పురుగుపై అధ్యయనం' అనే శీర్షికతో ఎవరూ వెతకరు. నల్ల తామర పురుగు గురించి రాస్తే థ్రిప్స్ పార్విస్పైనస్ అనే శాస్త్రీయ నామం శీర్షికలోనే ఉండాలి.

డబ్బు కడితేనే తెరుచుకునే జర్నల్ అయితే, రివ్యూ తర్వాత అంగీకారం పొందిన మీ సొంత ప్రతిని జెనోడోలో, అంటే పేపర్లు ఉచితంగా దాచుకునే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టండి. ప్రచురణకర్త పేజీ కట్టిన పీడీఎఫ్ పెడితే కాపీరైట్ చిక్కు వస్తుంది. ముందు జర్నల్ షరతులు చూడండి, కొన్ని ఏడాదో రెండేళ్లో ఆగమంటాయి. అప్‌లోడ్ చేసేటప్పుడు డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉందా అని జెనోడో అడుగుతుంది. జర్నల్ ఇచ్చిన డీఓఐనే అక్కడ వేయండి. కొత్తది తీసుకుంటే ఒకే పేపర్‌కు రెండు డీఓఐలై సైటేషన్లు చీలిపోతాయి.